కొత్త వైరింగ్ వేసిన పాత అంబాసిడర్‌లో కరెంటు తప్పులు పట్టుకోవడం ఎలా

పాత బండిలో ఒక దీపం ఆరిపోతే వెతకడం తేలిక. నిన్నటిదాకా అన్నీ పనిచేశాయి, ఇవాళ ఒకటి చెడింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుంటే పని అయిపోతుంది. బండి మొత్తానికి కొత్త వైరింగ్ వేశాక పరిస్థితి అలా ఉండదు. అప్పటికి ఏ కనెక్షనూ సరిగ్గా ఉన్నట్టు రుజువు కాలేదు. మూడు నాలుగు తప్పులు ఒకేసారి ఉండవచ్చు, ఒకటి మరొకదాన్ని కప్పి ఉంచవచ్చు. అయితే మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. వైరు కొత్తది కాబట్టి మధ్యలో తెగి ఉండటం అరుదు. తప్పు దాదాపు ఎప్పుడూ వైరు కొసలోనే ఉంటుంది: వైరు కొసకు తొడిగే లోహపు లగ్గు నొక్కిన చోట, బోల్టు బాడీకి తగలాల్సిన చోట, లేదా ఒక టెర్మినల్‌కు వెళ్లాల్సిన వైరు పక్క టెర్మినల్‌కు వెళ్లిన చోట.

మా నాన్న వాడిన అంబాసిడర్ మార్క్ 3 హనుమకొండలో మా ఇంటి షెడ్డులో చాలా ఏళ్లు పడి ఉంది. వడ్ల బస్తాలు పక్కనే ఉండటంతో ఎలుకలు వైర్ల మీది ప్లాస్టిక్ మొత్తం కొరికేశాయి. టింకరింగ్, పెయింటింగ్‌తో పాటు వైరింగ్ కూడా పూర్తిగా మార్పించాను. వైరింగ్ వేయడానికి పది రోజులు పట్టింది. ఆ తర్వాత తప్పులు సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో సగం తప్పుడు వరసలో వెతకడం వల్లే పోయింది. సరైన వరస ఏమిటో కింద రాస్తున్నాను. ఫియట్, ప్రీమియర్ పద్మిని ఉన్నవారికి కూడా వైర్ల రంగులు తప్ప మిగతాదంతా వర్తిస్తుంది.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటర్, కొన్ని ఫ్యూజులు, ఉప్పు కాగితం, రెండు మీటర్ల పొడవున్న ఒక మంచి వైరుకు రెండు కొసలా క్లిప్పులు, ఒక నోటుపుస్తకం. వీటన్నిటికంటే ముఖ్యమైనది మనమే తయారుచేసుకోవాల్సిన టెస్టు లైటు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు, దానికో హోల్డరు, రెండు వైర్లు, రెండు క్లిప్పులు చాలు. మీటరు ఉండగా బల్బు ఎందుకని అనిపించవచ్చు. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులో కూడా అది నిండా 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు వెలగాలంటే 1.75 ఆంపియర్లు కావాలి. ఆ బరువు మోయలేని జాయింటు అక్కడే దొరికిపోతుంది.

నోటుపుస్తకం దేనికంటే, మన దగ్గర వైరింగ్ వేసేవారు చేతికి దొరికిన రంగు వైరే వాడతారు. అసలు లూకాస్ (బ్రిటిష్ ఆటో ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతిలో బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం తిప్పితే వచ్చేది తెలుపు, అదే ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, తాళంతో పని లేకుండా ఫ్యూజు దాటి హారన్‌కు వెళ్లేది ఊదా, పార్కింగ్ లైట్లకు ఎరుపు, హెడ్ లైట్లకు నీలం, ఎర్త్‌కు, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారికి, నలుపు. మీ బండిలో ఈ రంగులు లేకపోతే ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక పూట కూర్చుని గీసుకోండి. ప్రతి కొసకూ చిన్న చీటీ అతికించండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా దీన్ని దాటవేసి ముందుకు వెళ్లవద్దు.

పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గడియారం తీసేయండి. పెట్రోలు వాసన ఏమాత్రం ఉన్నా ఆగి, అది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడండి. బ్యాటరీ విప్పేటప్పుడు మొదట ఎర్త్ తీగనే విప్పాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి.

బ్యాటరీని మొదటిసారి కలపడం

చాలా బండ్లలో వైరింగ్ కాలిపోయేది ఈ మొదటి నిమిషంలోనే. ముందు ఎర్త్ ఏ వైపో తేల్చుకోండి. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలపు బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉండేది. ఆ తర్వాత అందరూ నెగటివ్ ఎర్త్‌కు వచ్చారు. మా బండికి మధ్యలో ఎప్పుడో పాత డైనమో బదులు ఆల్టర్నేటర్ (రెండూ బ్యాటరీని చార్జ్ చేసేవే) అమర్చారు కాబట్టి నెగటివ్ ఎర్త్ తప్పనిసరి. ఆల్టర్నేటర్ ఉన్న బండికి బ్యాటరీని తిరగేసి కలిపితే డయోడ్లు క్షణంలో పోతాయి.

అన్ని స్విచ్‌లూ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీకి కలపని లైవ్ తీగకూ బాడీకీ మధ్య మీటరుతో ఓములు చూడండి. గడియారం లాంటివి లేని బండిలో దారే లేనట్టు చూపించాలి. ఒకటి రెండు ఓములు చూపిస్తే ఏదో దీపం వెలిగే స్థితిలో ఉంది. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో లైవ్ వైరు బాడీకి తగులుతోంది.

ఇది బాగుందని తేలినా సరే, తీగను నేరుగా బిగించకండి. బ్యాటరీ లైవ్ ధ్రువానికీ లైవ్ తీగకూ మధ్య ఆ 21 వాట్ల టెస్టు లైటు కలపండి. ఇప్పుడు బండిలో ఎంత పెద్ద షార్టు ఉన్నా 1.75 ఆంపియర్లకు మించి పారదు, ఏ వైరూ కాలదు. లైటు వెలగకపోతే తాళం తిప్పండి, తర్వాత పార్కింగ్ లైట్లు, తర్వాత హారన్, ఇలా ఒక్కొక్కటీ వేసి చూడండి. పార్కింగ్ లైట్లు వేసినప్పుడు టెస్టు లైటూ పార్కింగ్ లైట్లూ రెండూ మసకగా వెలిగితే అది సరైన స్థితి. టెస్టు లైటు నిండుగా వెలిగి, వేసిన దీపాలు అసలు వెలగకపోతే ఆ దారిలో షార్టు ఉంది. హెడ్ లైట్లు వేస్తే టెస్టు లైటు ఎలాగూ నిండుగా వెలుగుతుంది. అంత బరువున్న చోట ఈ పరీక్షతో ఏదీ తేలదు. టెస్టు లైటు మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టవద్దు.

ఎర్త్‌లు

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగాలి. కొత్త వైరింగ్ తర్వాత నాకు ఎదురైన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

మా బండిలో బ్రేకు తొక్కితే వెనక ఎడమ బ్రేకు లైటు సరిగ్గా వెలిగేది కాదు, కానీ ముందున్న పార్కింగ్ లైట్లు మినుకుమినుకుమనేవి. బ్రేకు స్విచ్ మార్చాను, బల్బులు మార్చాను, బ్రేకు వైరు పార్కింగ్ వైరుకు కలిసిందేమోనని డిక్కీలో చుట్టిన టేపంతా విప్పాను. చివరికి కాజీపేటలో ఉండే ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "తమ్ముడూ, కరెంటు పోయే దారి చూశావు. తిరిగి వచ్చే దారి చూశావా?" అన్నారు. తర్వాత ఒక వైరు కొసను టెయిల్ లైటు లోహపు గిన్నెకూ, రెండో కొసను బ్యాటరీ నెగటివ్‌కూ తగిలించారు. అంతా సరిపోయింది.

జరిగింది ఇదీ. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి: బ్రేకుకు 21 వాట్లది, టెయిల్‌కు 5 వాట్లది. రెండింటి కరెంటూ బల్బు గిన్నె గుండా బాడీలోకి పోవాలి. కొత్తగా వేసిన మందపాటి పెయింటు మీద లైటును బిగించడంతో గిన్నెకు బాడీ తగలలేదు. బ్రేకు ఫిలమెంటు దాటిన కరెంటుకు దారి లేక, పక్కనున్న టెయిల్ ఫిలమెంటులోకి వెనక్కి ఎక్కి, ఎర్ర వైరు వెంట ముందుకు వెళ్లి, పార్కింగ్ బల్బుల గుండా బాడీని చేరుకుంది. ఒకటి నొక్కితే దానితో సంబంధం లేని మరొకటి మసకగా వెలిగిందంటే నూటికి తొంభై పాళ్లు ఎర్త్ తప్పే. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కొట్టుకోవడం, హెడ్ లైటు వేస్తే పెట్రోలు ముల్లు కదలడం కూడా ఈ కోవలోవే.

అందుకే ప్రతి ఎర్త్ చోటా పెయింటును ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా గీకండి. పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త వాజిలైన్ పూయండి. వానకు తుప్పు పట్టదు. టెయిల్ లైట్లకు బాడీ మీదే ఆధారపడకుండా విడిగా ఒక నల్ల వైరు లాగి డిక్కీలో ఒక మంచి బోల్టుకు కలిపితే ఇంకా మేలు.

ఇంజన్‌కు విడిగా ఎర్త్ పట్టీ ఉందో లేదో తప్పక చూడండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి పట్టీ లేకపోతే బాడీతో దానికి సరైన సంబంధం ఉండదు. పెయింటింగ్ కోసం ఇంజన్ దించినప్పుడు ఈ పట్టీని విప్పి, మళ్లీ బిగించడం మరచిపోవడం చాలా మామూలు. అప్పుడు సెల్ఫ్ కొడితే వందల ఆంపియర్లు చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు గుండా వెళ్తాయి. సెల్ఫ్ కొట్టగానే చోక్ కేబులు వేడెక్కినా, పొగ వచ్చినా కారణం ఇదే. పరీక్ష తేలిక. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ ధ్రువానికి, రెండో మొనను ఇంజన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టుల లోపు చూపిస్తే బాగుంది. 1 వోల్టు దాటితే ఆ దారిలో ఏదో సరిగ్గా తగలడం లేదు. మొనను ధ్రువానికే ఆనించాలి, క్లాంపుకు కాదు. ఎందుకంటే ధ్రువానికీ క్లాంపుకూ మధ్యనే తప్పు ఉండవచ్చు.

వోల్టులు ఎక్కడ పోతున్నాయి

కొత్త వైరింగ్ వేశాక కూడా హెడ్ లైట్లు మసకగా ఉన్నాయని బల్బులు మార్చేవారు చాలామంది. ముందు కొలవండి. లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు, బల్బు హోల్డరు రెండు పిన్నుల మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూడండి. అక్కడ 12.4, ఇక్కడ 10.4 ఉంటే దారిలో 2 వోల్టులు పోయాయి. వోల్టేజి పదో వంతు తగ్గితే బల్బు వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఓములతో వెతికితే మోసపోతారు. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 10 ఆంపియర్లు పారతాయి. దారిలో 0.2 ఓములు ఉంటే చాలు, 2 వోల్టులు పోతాయి. మీటరు వైర్లకే దాదాపు అంత నిరోధం ఉంటుంది కాబట్టి ఓముల పరీక్షలో ఆ జాయింటు బాగున్నట్టే కనిపిస్తుంది. అదే జాయింటు దగ్గర 20 వాట్ల వేడి పుడుతుంది. డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేది అందుకే.

పద్ధతి ఇదీ: లైట్లు వేసి ఉంచి, మీటరు ఒక మొనను బ్యాటరీ లైవ్ ధ్రువానికి స్థిరంగా కలిపి, రెండో మొనతో దారి వెంట నడవండి. సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్), ఫ్యూజు బాక్సు, స్విచ్‌లోకి వెళ్లే టెర్మినల్, బయటికి వచ్చే టెర్మినల్, డిమ్ డిప్ స్విచ్ (హై బీమ్, లో బీమ్ మార్చేది), చివరికి బల్బు. ఒక్కో చోట అంకె రాసుకోండి. ఒక జాయింటుకు ఇటు 0.3, అటు 1.5 అంటే తప్పు ఆ జాయింటులోనే. లైవ్ వైపు ముగిశాక ఎర్త్ వైపు కూడా ఇలాగే బ్యాటరీ నెగటివ్ నుంచి కొలవండి.

అన్నీ బాగున్నా పాత స్విచ్ సొంతంగా అర వోల్టు, ముప్పావు వోల్టు తినేస్తుంది. దానికి మంచి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి పెట్టండి. రిలే టెర్మినళ్ల మీద అంకెలుంటాయి: స్విచ్ నుంచి వచ్చే పాత వైరును 86కు, ఎర్త్‌ను 85కు, బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వచ్చే మందపాటి వైరును 30కి, బల్బుకు పోయేదాన్ని 87కు కలపాలి. 100/90 వాట్ల బల్బులు పెట్టాలని కొందరికి ముచ్చట. రెండూ వెలిగితే దాదాపు 17 ఆంపియర్లు, రిలే లేని పాత స్విచ్ అంత మోయదు. దయచేసి ఆ పని చేయకండి.

వైరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇళ్ల వైరింగ్‌కు వాడే వైరును బండిలో వేసినవారిని చూశాను. అందులో పోగులు తక్కువ, ఒక్కోటి లావు. బండి అదురుకు లగ్గు మెడ దగ్గర ఒక్కొక్కటే తెగిపోతాయి. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న ఆటో వైరే వాడాలి.

ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే

పోయిన ఫ్యూజు స్థానంలో టెస్టు లైటు కలపండి. షార్టు ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతూ ఉంటుంది, ఫ్యూజులు వృథా కావు. ఇక వైర్ల కట్టను అడుగు అడుగునా కదిలిస్తూ వెళ్లండి. ఎక్కడ కదిలిస్తే లైటు తగ్గిందో, ఆరిందో అక్కడ చూడండి. ఇంజన్‌కూ లోపలికీ మధ్య రేకులో రబ్బరు లేకుండా వైర్లు దూరిన రంధ్రం, స్టీరింగ్ కాలమ్, డిక్కీ మూత మడత, సీటు బోల్టు కింద నలిగిన చోటు, ఇవే ఎక్కువగా దొరికేవి.

పెద్ద ఫ్యూజు వేసి తప్పించుకోవద్దు. ఒక చిక్కు చాలామందికి తెలియదు. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద ఉండే 35 అనేది అది తెగే అంకె. నిరంతరం మోయగలిగేది 17 ఆంపియర్లే. ఇప్పుడు దొరికే బ్లేడు ఫ్యూజుల మీద రాసేది మోయగలిగే అంకె. 35 ఉన్నచోట 35 బ్లేడు ఫ్యూజు వేస్తే ఫ్యూజు తెగే ముందే వైరు కాలుతుంది. అక్కడ 15 లేదా 20 చాలు.

ఇంజన్ తిరుగుతుంది, పట్టుకోదు

తాళం తిప్పి ఇగ్నిషన్ కాయిల్ మీది ఎస్‌డబ్ల్యూ (తాళం వైపు) టెర్మినల్ దగ్గర కరెంటు ఉందో చూడండి. లేకపోతే తప్పు తాళం వైపు. ఉంటే 5 వాట్ల చిన్న బల్బును సీబీ (డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల వైపు) టెర్మినల్‌కూ బాడీకీ మధ్య కలిపి సెల్ఫ్ కొట్టండి. బల్బు కొట్టుకుంటూ వెలిగితే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి, లోటెన్షన్ (12 వోల్టుల) వైపు బాగుంది. ఆగకుండా వెలిగితే పాయింట్లు కలుసుకోవడం లేదు. గ్యాపు ఎక్కువ కావచ్చు, కొత్త పాయింట్ల మీది నూనె తుడవకపోయి ఉండవచ్చు. గ్యాపు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు వెలగకపోతే సీబీ వైపు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండవచ్చు. కొత్త పాయింట్లు వేసినప్పుడు స్ప్రింగూ, కండెన్సర్ వైరూ, కాయిల్ నుంచి వచ్చే వైరూ మూడూ ఒకే చోట కలవాలి, వాటిని పట్టి ఉంచే బోల్టుకు మాత్రం తగలకూడదు. ప్లాస్టిక్ వాషరు ఒకటి తారుమారైతే స్పార్కు సున్నా. నేనూ ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నాను.

చార్జింగ్

ఇంజన్ ఆపి కొంతసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది, 12.2 అంటే సగమే. ఇంజన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఆల్టర్నేటర్ బండిలో చార్జింగ్ లేకపోతే ముందు డ్యాష్‌బోర్డులోని ఎర్ర హెచ్చరిక దీపాన్ని చూడండి. తాళం తిప్పగానే అది వెలగాలి. ఆల్టర్నేటర్ మొదట మేలుకోవడానికి కావాల్సిన కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు పోయినా, అందం కోసం దాని స్థానంలో ఎల్ఈడీ పెట్టినా చార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

డైనమో ఉంటే డీ, ఎఫ్ టెర్మినళ్ల వైర్లు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలిపి, బాడీకీ దానికీ మధ్య మీటరు పెట్టండి. ఇంజన్ వేగాన్ని మెల్లగా నిమిషానికి 1000 చుట్ల దాకా పెంచితే మీటరు 20 వోల్టుల దాకా ఎక్కాలి. అంతకు మించి వేగం పెంచవద్దు. ఎక్కితే డైనమో మంచిదే, తప్పు వైర్లలోనో కటౌట్ బాక్సులోనో (డైనమో చార్జింగ్‌ను అదుపు చేసేది) ఉంది. ఎక్కకపోతే ముందు బ్రష్షులు చూడండి. కటౌట్ బాక్సు ఎర్త్ వదులైతే వోల్టేజి అదుపు తప్పుతుంది కాబట్టి ఆ వైరును కూడా బిగించి చూడండి. ఇంజన్ ఆపాక ఆంమీటరు ముల్లు డిశ్చార్జి వైపు గట్టిగా వంగి ఉంటే కటౌట్ పాయింట్లు అతుక్కున్నాయి. వెంటనే బ్యాటరీ తీగ విప్పేయండి, లేకపోతే డైనమో కాలిపోతుంది. లైట్లు వేస్తే ముల్లు చార్జి వైపు కదిలితే భయపడాల్సిన పని లేదు, ఆంమీటరు రెండు వైర్లూ తారుమారయ్యాయి, అంతే.

ఇండికేటర్ల గురించి రెండు ముక్కలు. ఒక వైపు వేగంగా కొట్టుకుంటున్నా, కొట్టుకోకుండా వెలిగే ఉన్నా ఆ వైపు బల్బు ఒకటి పోయింది, లేదా తక్కువ వాట్లది పడింది, లేదా ఎర్త్ లేదు. ఇండికేటర్లను కొట్టించే పాత ఫ్లాషర్ తనలో పారే కరెంటు వేడికే కొట్టుకుంటుంది కాబట్టి ఎల్ఈడీ బల్బులు పెడితే అది పనిచేయదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతే

మీటరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి, బ్యాటరీ ఎర్త్ తీగకూ ధ్రువానికీ మధ్య కలపండి. తాళం తిప్పవద్దు, సెల్ఫ్ అసలు కొట్టవద్దు. గడియారం, టేప్ రికార్డర్ లేని పాత బండిలో సున్నా చూపించాలి. అర ఆంపియరు ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఎప్పుడు పడిపోతుందో చూడండి. ఫ్యూజులన్నీ తీసినా పడకపోతే ఫ్యూజు లేని గోధుమ వైరు దారిలో వెతకాలి. మా బండిలో డిక్కీ దీపం మూత మూసినా వెలుగుతూనే ఉంది. లోపల ఫోను వీడియో ఆన్ చేసి పెట్టి మూత మూసి చూశాకే ఆ సంగతి తెలిసింది.

వచ్చిపోయే తప్పులు

వీటికి ఓపిక కావాలి. మే నెలలో ఓరుగల్లు ఎండకు బానెట్ కింద మామూలు ప్లాస్టిక్ టేపు జిగురు కరిగి జారిపోతుంది, దాని కింద చుట్టిన జాయింటు బయటపడుతుంది. అందుకే ఇంజన్ వైపు టేపు బదులు వేడికి ముడుచుకునే గొట్టం వాడండి. ఉదయం రాని తప్పు మధ్యాహ్నం వస్తుంటే బండిని ఎండలో గంట నిలిపి, అప్పుడే కొలతలు తీసుకోండి. లగ్గు నొక్కిన ప్రతి వైరునూ చేత్తో కాస్త గట్టిగా లాగి చూడండి. ఊడి వస్తే సంతోషించండి, రోడ్డు మీద ఊడాల్సింది ఇంట్లోనే ఊడింది. వానల్లో మాత్రమే వచ్చే తప్పు ఎక్కువగా టెయిల్ లైటు హోల్డర్లలో, డిస్ట్రిబ్యూటర్ మూతలో దాగి ఉంటుంది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. చేసిన వెంటనే మళ్లీ కొలిచి పుస్తకంలో రాయండి. రెండు మార్పులు కలిపి చేసి, బండి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అదే తప్పు మళ్లీ వస్తుంది.

అన్నీ కుదిరాక పగలు ఊళ్లో రెండు రోజులు తిప్పి, తర్వాత ఒక రాత్రి ములుగు రోడ్డు మీద గంటసేపు లైట్లు వేసుకుని నడపండి. వైరింగ్ మీద అసలు బరువు పడేది అప్పుడే. జేబులో ఫ్యూజులు, డ్యాష్‌బోర్డులో టెస్టు లైటు ఉంచుకోండి. సురక్షితమైన చోట ఆగి ఫ్యూజు బాక్సును, హెడ్ లైటు స్విచ్‌ను, రిలేలను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనించలేనంత వేడిగా ఉన్న టెర్మినల్ పేరు పుస్తకంలో రాసుకుని, ఇంటికి వచ్చాక దాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. 500 కిలోమీటర్లు తిరిగాక బ్యాటరీ క్లాంపులు, ఇంజన్ ఎర్త్ పట్టీ, సొలినాయిడ్ నట్లు మరోసారి పానాతో చూడండి. కొత్త లగ్గులు అదురుకు సర్దుకుని, మొదట గట్టిగా బిగించినవి కూడా పావు చుట్టు వదులవుతాయి.